పాయింట్ ఒకటి

మర్రిగూడ దిక్కు నుంచి ఒకాయన
క్వార్టర్ సీసాల బోరు నీళ్లు పట్టుకొచ్చిండు.
మూతకు సుతిలి చుట్టి, ఊరి పేరు రాసిన కాగితం కట్టి,
"తాగొచ్చునా మేడమ్?" అన్నడు.
సీసా ఎంత కడిగినా వాసన పోలే.
ల్యాబ్ డబ్బా ఒకటి చేతికిచ్చి
మళ్ల పట్టుకరమ్మని చెప్పిన.
పోనురాను బస్ కిరాయి ఎంతయితదో
ఆయన అనలే.
నేనే లెక్కేసుకున్న. ఈ మధ్య
ఎవరి లెక్కయినా నేనే వేస్తున్న.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. తెల్లకోటు.
కోటు నాదే, ఉతుక్కునుడు నాదే,
ఉద్యోగం మాత్రం ఏజెన్సోళ్లది.
కాగితం మీద పంతొమ్మిది వేల ఐదొందలు,
వాళ్లు కోసుకున్నంక పదహారు వేల చిల్లర,
అది కూడా మూడు నెలలకోసారి
మొగులు పట్టి, పట్టి, పక్కూర్ల కురిసి
ఆఖరికి మా మీద నాలుగు చినుకులు.
ఫోన్ మోగితే బ్యాంకు మెసేజ్ అనుకుంట.
తీరా చూస్తే ఎవరో
నాకు లోన్ మంజూరైందని సంబురపడుతుంటరు.

పానగల్లు రోడ్డుల రెండర్రలు, ఆరు వేలు.
ఆండాలమ్మ కిరాయి అడగదు.
ఐదో తారీఖు దాటినంక
మా గడప ముందటనే ఎక్కువసేపు ఊడుస్తది.
కిరాణం సేటు "ఆఫీసర్ మేడమ్" అని లేచి నిలబడతడు,
అందుకే ఉద్దెరకు నాకు నోరు రాదు.
సైదులు పోతడు ఆ పనికి.
మిర్యాలగూడ మిల్లుల అకౌంట్లు రాసే మనిషి,
ఇంటి లెక్క మాత్రం చూడడు,
చూస్తే నిద్ర పట్టదంటడు.

చిట్టీ పాడి స్కూల్ ఫీజు కట్టినం,
చిట్టీ కట్టనీకి కమ్మలు కుదువ పెట్టినం.
చెవులల్ల వేపపుల్లలు పెట్టుకొని పోతే
కొత్త ఫ్యాషనా అని అడిగింది మా సూపర్నెంటు.
అవునన్న.

ఆటో బంద్. అర లీటరు పాలు పావు లీటరు.
ఇగ మిగిలింది నీళ్ల క్యాన్.
రోజుకు ఇరవై, నెలకు ఆరొందలు.
నల్లా ఉండంగ క్యాన్ ఎందుకన్నడు సైదులు.
నల్లా నీళ్లు, ఆండాలమ్మ బోరు నీళ్లు
పైన ఒక్క ట్యాంకులనే కలుస్తయి.

మొన్న టిఫిన్ డబ్బా పక్కన దాచుకొని
మా ఇంటి నీళ్లు ల్యాబ్‌కు తీసుకపోయిన.
నంబరు వెయ్యలే, రిజిస్టర్ల ఎక్కించలే.
ఒకటి పాయింట్ ఆరు.
ఒకటిన్నర దాక తాగొచ్చు.
ఎలక్ట్రోడ్ కడిగి, తుడిచి, మళ్ల ముంచిన.
ఒకటి పాయింట్ ఆరు.
మిషన్ చెడిందేమో అని దాన్ని కూడా పరీక్ష చేసిన,
మంచిగనే ఉంది.
నాకు తెలిసినోళ్లల్ల
అన్నమాట మీద నిలబడ్డది అదొక్కటే.

పాయింట్ ఒకటి.
ఏజెన్సోడు నా జీతంల వందలకు వందలు
రౌండ్ చేసి పారేస్తడు,
నేను పాయింట్ ఒకటి చెయ్యలేనా?

కాగబెట్టుకొని తాగుదం అన్నడు సైదులు.
కాగబెడితే ఫ్లోరైడ్ పోదు, చెప్పిన,
నీళ్లు ఆవిరైతయి,
ఉన్నది ఇంకింత చిక్కబడతది.
మిత్తి తీరు.
అది మాత్రం ఆయనకు జల్ది అర్థమైంది.

రాత్రి కరెంటు పోయినప్పుడు
హన్విక నోరు తెరిచి
ఊడిన పన్ను జాగల కొత్తది వస్తున్నదని చూపెట్టింది.
ఫోన్ లైటు పట్టి చూసిన.
చిగురు చీల్చుకొని బియ్యపు నూకంత,
తెల్లగ, యాడ మచ్చ లేకుంట.
ఇంక చూస్తనే ఉన్న,
నోరు నొస్తుందమ్మా అని అది మూసుకునేదాక.

పొద్దున క్యాన్ల పిలగాడు హారన్ కొడితే
సైదులును లేపలే.
నేనే దిగిపోయి
"ఈ నెల రాసుకో తమ్మీ, జీతం పడ్డంక ఇస్త" అన్న.
నోరు వచ్చింది.
వాడు నా చెవుల దిక్కు చూసి
క్యాన్ భుజానికెత్తిండు.

మర్రిగూడ ఆయన ఇంక రాలే.
బెంచీ మీద ఆయన డబ్బాకు
జాగ ఉంచిన.