వర్సెస్ లేని కాగితం

ఇరవై రెండేళ్లుగా నేను టైపు చేస్తున్నది గొడవలే.
బ్రాడీపేట నాలుగో లైను, మెట్ల కింద గది,
వానొస్తే ముందు కీబోర్డుకి గొడుగు.
పైన ఒక పేరు, కింద ఒక పేరు,
మధ్యలో వర్సెస్.
ఆ మాట కొట్టడానికి నా వేళ్లకి నేను అక్కర్లేదు.
"మానసికంగా, శారీరకంగా హింసించి" అన్న పేరా
ఒక ఫైల్లో దాచిపెట్టుకున్నాను.
పేర్లు మారిస్తే చాలు,
ఏ ఇంటికైనా అతుకుతుంది.

ఈసారి ఇద్దరు వకీళ్లూ ఒకే ఆటో దిగారు.
ఆవిడ తరఫున ఫర్హానా మేడం,
ఆయన తరఫున సుబ్బారాయుడు గారు.
నల్లకోట్లు లేవు. సంచిలో మజ్జిగ సీసా.
మొదటి కాగితం కొడుతూ రెండుసార్లు అడిగాను, నిజమేనా అని:
మాట కుదరక వీళ్లు కోర్టుకెక్కితే
వకీళ్లిద్దరూ కేసు వదులుకోవాలట.
తగువు సాగినకొద్దీ నష్టపోయే ప్లీడర్ని
గుంటూరులో అదే చూడటం.

హిమజ, చక్రధర్. పదమూడేళ్లు.
మిర్చియార్డులో కమీషన్ కొట్టు,
కోల్డు స్టోరేజీలో నాలుగొందల టిక్కీలు,
నల్లపాడు దగ్గర స్థలం, ఒక పాప.
సగం సగం అని తేలడానికి పావుగంట పట్టింది.
తేజా రకం ఎవరికన్నదానికి ఒక పూట.
రేటు పెరిగాక అమ్ముదామని ఆయన.
నీ "పెరిగాక" కోసమే పదమూడేళ్లు కూర్చున్నానని ఆవిడ.
తర్వాత ఎవరూ మాట్లాడలేదు.
కింద రోడ్డు మీద ఎండుమిరప లారీ పోయింది,
అందరం తుమ్మాం.
ఆ తుమ్ములు మాత్రం ఏ తరఫువీ కావు.

పాప చదివిందట ముసాయిదా.
కస్టడీ అంటే పోలీసులు పెట్టేది కదా అందట.
ఆ మాట ఉన్న చోటల్లా కొట్టేసి
"పాప ఉండే రోజులు" అని కొట్టాను.
పద్దెనిమిది చోట్ల.

మూడో శనివారం, ఎవరూ రాసుకురానిది వచ్చింది.
ఆయన తల్లికి డయాలసిస్.
సోమ, బుధ, శుక్ర.
ఆరేళ్లుగా తీసుకెళ్తున్నది హిమజే.
"ఇక నేను చూసుకుంటా" అన్నాడు చక్రధర్.
"సూది ఏ చేతికో తెలుసా?"
అతను తన చేతులు రెండూ చూసుకున్నాడు.

ఫర్హానా మేడం కలం మూసేసింది,
చట్టంలో దీనికి గడి లేదంటూ.
సుబ్బారాయుడు గారు మజ్జిగ ఒక గుక్క తాగి
గీద్దామండీ, గడే కదా, అన్నారు.

గీశాను. అంశం పదకొండు.
బుధవారం హిమజ, మిగతా రెండూ అతను,
మొదటి నెల పక్కనుండి ఆవిడ నేర్పుతుంది.
"పెట్రోలు డబ్బులు కూడా రాయండి,
నేనేం దేవతని కాను" అంది.
రాశాను.
"అత్తగారు" అని కొట్టి ఆగిపోయాను.
విడాకులయ్యాక ఆ మాటని ఏమనాలి?
"ఉంచండి దేవసహాయం గారూ,
ఆవిడతో నాకేం పేచీ లేదు."

చివరికి జాయింటు పిటిషన్.
ఒకటో పిటిషనర్, రెండో పిటిషనర్.
రెస్పాండెంటు అనేవాడే లేడు.
రెండు పేర్ల మధ్య వేళ్లు అలవాటుగా వర్సెస్ కొట్టాయి.
చెరిపాను. మళ్లీ కొట్టాయి.
చెరిపిన చోట చిన్న తెల్లటి జాగా,
ఇద్దరు మనుషులు ఒకరినొకరు తగలకుండా
దాటిపోగలిగినంత.

సంతకాలప్పుడు ఆయన పెన్ను రాయలేదు.
ఆవిడది తీసుకుని, వాడి, తిరిగిచ్చాడు.
అంతే. ఎవరూ ఏడవలేదు.
ఎవరూ గెలవలేదు కాబట్టి
నాకు మిఠాయి కూడా రాలేదు.

రాత్రి సైకిలు మీద సంగడిగుంట మలుపు.
తమ్ముడి ఇల్లు.
గోడ మీద కేసు, తొమ్మిదేళ్లు,
పిటిషను నేనే కొట్టుకున్నాను, ఒక్క తప్పు లేకుండా.
వాళ్ల వంటింట్లో లైటు వెలుగుతోంది.
ఆగలేదు.
బెల్లు మాత్రం కొట్టాను,
రోడ్డు ఖాళీగానే ఉన్నా.