ఏడో పేజీ

"శ్వేతపత్రమంటే ప్రభుత్వాలు ఏసేది గదక్కా,
డ్రయ్యర్లు అమ్మేటోళ్లకు ఎందుకు?"
అంటడు డీటీపీ చేసే వేణుమాధవ్.
అక్షరాలను ఇంత పక్కకు జరిపి
మళ్ళ యెనక్కి జరుపుతడు.

కరపత్రం కాదిది అని చెప్పిన.
కరపత్రం కొనుండ్రి కొనుండ్రి అంటది.
ఇది గింజ ఎందుకు ఇరుగుతదో చెప్తది.
చెప్పి ఊకుంటది.

మిర్యాలగూడల మిల్లు నడిపేటోనికి
నూక గురించి చెప్పవోవుడంటే
తాడెక్కేటోనికి మోకు ముడి నేర్పినట్టే.
అయినా రాసిన.
నాలుగేండ్లు ల్యాబుల కూసోని
పట్టకారుతోని ఇరిగిన గింజలేరిన కండ్లు నావి.

ఉడకవెట్టిన వడ్లను
ఒక్క దమ్ముల వేడిగాలికి ఎండవెడితే
పైపొర ముడుసుకుంటది
లోపటి తడి ఇంకా మేలుకొనే ఉంటది
రెండింటి నడుమ సన్నటి పగులు.
కంటికి కానరాదు.
రోలర్ల పడ్డంక తెలుస్తది
క్వింటాలుకు ఇన్ని కిలోలని.

అది మూడో పేజీ.
నాలుగుల పట్టిక. ఐదుల తేమ లెక్క.
ఆరో పేజీల మా మిషను
జరంత సిగ్గువడుకుంట నిలబడ్డది.

ఏడో పేజీ కాడ మా ఓనరు నరహరి సారు
కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు.
పైకి సదివిండు:
"మీ మిల్లు చిన్నదైతే ఈ మిషను అక్కర లేదు.
సగం ఎండినంక వడ్లను ఒక రాత్రి పండుకోనియ్యండి.
తెల్లారినంక మిగిలిన సగం ఎండబెట్టండి.
ఖర్చు, ఒక రాత్రి."
నా దుకాణం బందు పెట్టేటందుకు
నీకు జీతమిస్తున్ననా తల్లీ?

ఆరు పేజీలు నమ్మాలంటే
ఏడోది ఉండాలె సారూ
అనేటి మాట గొంతులనే తిరిగింది.
కాయితం ఆయనది, సిరా ఆయనది.
చాయ్ చల్లారినంక అన్నడు,
"ఉండనీ తియ్. ఎట్లైనా ఎవడు సదువుతడు."

మూడువందల కాపీలు.
సాగర్ రోడ్డు పొంటి స్కూటీ మీద తిరిగిన.
పొగగొట్టాల నుంచి ఊక బూడిద రాలి
అట్ట మీద వాలింది.
ఊదితే పోలే, తుడిస్తే ఇంకింత పాకింది.
ఈ ఊర్ల ఏ తెల్లకాయితమూ
పొద్దుగూకేదాక తెల్లగ ఉండది.

ఒక సేటు ఇసురుకున్నడు.
ఒకాయన కుర్సీ కాలు కింద పెట్టిండు,
నా ముంగటనే, మొగమాటం లేకుంట.
కర్నాటి లింగమూర్తి మాత్రం
లోపటి పేజీ తెరిచి పిడికెడు బియ్యం పోసిండు.
"తెల్లదాని మీద తెల్లది కానొస్తదా బిడ్డా?"
పత్రం తిప్పి, యెనక నీలం అట్ట మీద పోసి
యేలితోని ఒక్కో నూకను పక్కకు జరిపిండు.
సదవలే. కానీ సగం సేపు దాన్నే చూసిండు.

పద్దెనిమిది రోజులు
ఫోను మోగలే.
మోగినా, కరెంటు బిల్లు కట్టమని.

ఒకనాడు రాత్రి తొమ్మిదింటికి
వేములపల్లి దిక్కు నుంచి ఆడమనిషి గొంతు.
దుబ్బాక అంజమ్మ. చిన్న మిల్లు. ఒక్కటే బాయిలరు.
"ఏడో పేజీ రాసిందెవరమ్మా?"
నేనే అని భయపడుకుంట చెప్పిన.
"పండవెట్టిన వడ్లు. నూక తగ్గింది, అబద్ధమెందుకు.
గానీ ముసురు వట్టిన రోజు కుప్ప వేడెక్కింది,
గింజ పచ్చగయ్యింది, వాసన.
గాలి ఎట్ల ఆడాల్నో ఒక్క ముక్క రాయకపోతివి.
సదువుకున్నదానివి."

యెనక నుంచి మోటరు సప్పుడు,
ఎవరో జానయ్యను పిలుస్తున్నరు.
నేను పెన్ను ఎతుక్కున్న.
మిగిలిన కాపీ అంచు మీద, బూడిద మరక పక్కపొంటి
ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్న.
కుప్ప ఎత్తు మోకాలు దాటొద్దు.
అడుగున ఎదురు తడకలు.
రాత్రి రెండింటికొకసారి తిరగెయ్యాలె.

తెల్లారి నరహరి సారు అడిగిండు,
"ఆర్డరా?"
కాదు సారు, తప్పు. మనది.
ఆయన కొంచెం సేపు ఏమనలే.
నంబరు ఇయ్యమన్నడు, డైరీల రాసుకున్నడు,
పేరు రాసేకాడ
నూక
అని రాసి, కింద గీత కొట్టిండు.