వెచ్చటి షెడ్డులో దొరకని తప్పు

అర్వో మూడోసారి వచ్చాడు.
టోపీ తీసి మంచు దులిపి
తప్పు తనదే అన్నట్టు చెప్పాడు:
"హెల్లెవీ, దీపం మళ్ళీ వెలిగింది.
వంతెన దిగాక, సరిగ్గా ఆ మలుపులోనే."

ఆ దీపం నాకు తెలుసు.
పసుపుపచ్చటి చిన్న కారు బొమ్మ, వెనక రెండు వంకర గీతలు,
తాగి ఇంటికెళ్ళేవాడి అడుగుల్లా.
జారే చక్రాన్ని పట్టి ఆపే చెయ్యి
జేబులోకి వెళ్ళిపోయిందని దాని అర్థం.
కెమియార్వి రోడ్డంతా గాజు పలక.
అతని బండిలో రోజూ ఆరుగురు బడిపిల్లలు.

రెండుసార్లు నేనే పంపేశాను.
నా షెడ్డులోకి రాగానే దీపం ఆరిపోయేది,
డాక్టరు గుమ్మంలో జ్వరం దిగిపోయినట్టు.
"ఏమీ లేదయ్యా" అన్నాను.
రెండోసారి ఆ మాటకి ఇరవై యూరోలు కూడా తీసుకున్నాను.

కంప్యూటరు తగిలిస్తే ఒకటే గోడు:
ఎడమ వెనక చక్రం, వేగం తెలియడం లేదు.
కోడు చెప్పేది ఎవరు ఏడుస్తున్నారని,
ఎవరు కొట్టారని కాదు.
పని నేర్చుకునే ఓస్మోకి
కొత్త సెన్సారు డబ్బా విప్పాలని చేతులు దురద.
"ఆగరా. రొవానియెమిలో ఒకటి మార్చారు, ఏమైంది?"

మీటరు తీశాను.
సెన్సారు రెండు కొనల మధ్య వెయ్యీ నూరు ఓములు. బాగుంది.
చక్రాన్ని చేత్తో తిప్పితే మిల్లీవోల్టులు
నిద్రపోయేవాడి ఛాతీలా లేచి పడ్డాయి. బాగుంది.
పళ్ళ చక్రానికి తుప్పు లేదు, ఒక్క పన్నూ విరగలేదు.
మాడ్యూలు ప్లగ్గు పీకి, అక్కణ్ణుంచి
తీగ మొత్తం కలిపి కొలిచాను.
బాగుంది. అన్నీ బాగున్నాయి.
జానెడు జానెడు చొప్పున వంచి, ఊపి, గుంజి చూశాను.
గుమ్మడికాయల దొంగెవరంటే
ఎవరూ భుజాలు తడుముకోలేదు.

మధ్యాహ్నం రెండు. అప్పటికే చీకటి.
పొయ్యి దగ్గర కాఫీ పట్టుకుని అర్వో
ఎవరికీ కాకుండా అన్నాడు:
"నా కళ్ళకే ఏమైనా అయిందేమో."
పొయ్యిలో కట్టె చిటపటమంది.

పొయ్యి.

ఇన్నాళ్ళూ ఆ బండిని
మంట పక్కన కూర్చోబెట్టి
చలి గురించి అడుగుతున్నాను.

తలుపులు బార్లా తీయించాను. బయటికి నెట్టాం.
సున్నాకి ఇరవై ఎనిమిది కింద, రెండు గంటలు.
ఓస్మో తిట్టుకున్నాడు. అర్వో తిట్టుకోలేదు.
తర్వాత నేను మంచులో వెల్లకిలా దూరాను, నుదుటికి లైటు కట్టుకుని.
లోపల మీటరు దగ్గర్నుంచి ఓస్మో కేక:
"పోయింది! అంకెలే లేవు!"

గ్లవ్సు తీసి, చక్రం చెయ్యికీ బాడీకీ మధ్య వంపులో
తీగని పిడికిట్లో పట్టుకున్నాను.
కాసేపు ఏమీ లేదు. చర్మం మండింది.
"వచ్చింది!"
వదిలాను.
"పోయింది!"
మళ్ళీ పట్టుకున్నాను, అవసరం లేకపోయినా.

కోసి చూస్తే పైతొడుగు నల్లగా, నున్నగా, గీత పడకుండా ఉంది.
పైన పటారం, లోన లొటారం.
రాగి రెండు ముక్కలు, ఒకదాని కొన పచ్చగా పుచ్చిపోయి.
వెచ్చగా ఉంటే ఆనుకుంటాయి,
చలికి ముడుచుకుని వెంట్రుకవాసి ఎడమవుతాయి.
ఆ వెంట్రుకవాసిలో ఆరుగురు పిల్లలు.

కొత్త తీగ వేశాను, టంకం పెట్టి, తొడుగు బిగించి,
చక్రం ఎగిరినా లాక్కోనంత వదులు వదిలి.
అర్వో తాళం తిప్పాడు.
దీపం వెలిగింది, మూడు క్షణాలు, ఆరింది.
ఓస్మో వెలగ్గానే ఉలిక్కిపడ్డాడు.
ముందు వెలగాలిరా, అసలు వెలగని దీపాన్ని నమ్మకు.

బిల్లులో ఇరవై యూరోలు తగ్గించాను.
అతను చదవకుండా మడిచాడు.
"చెప్పానుగా" అనలేదు.
అనుంటే బాగుండేది.

వెనక లైట్లు వంతెన దాటేదాకా నిలబడి
లోపలికొచ్చి పొయ్యి మీద చేతులు చాచాను.
వేళ్ళు మొద్దుబారినంతసేపూ ఏమీ తెలియలేదు.
వెచ్చబడుతుంటే మొదలైంది సలుపు.