నాలుగు మెట్లు

అట్టపెట్టె మీద పదకొండు అని రాసుండేది.
ఐదొస్తే పండగ.
కాశీబుగ్గ మేడ మీద
పాలపొడి డబ్బాకి బెజ్జం పెట్టి, రాగిముక్క అతికించి,
జీడితోటల మీదుగా మిల్లు వైపు తిప్పి కట్టింది నేనే.
కింద నుంచి జగ్గారావు గారు
"ఏటది, కాకులకి నీళ్ళా?" అన్నారు.

తీగ లేకుండా కిలోమీటరున్నర.
పొద్దుగూకే వేళకి దుంపల దమయంతి
ఎవరెన్ని కేజీలు ఒలిచారో కొట్టేది.
బూడిద పూసుకున్నా జీడిసొన తిన్న వేళ్ళు,
మీటల మీద నల్లటి మచ్చలు.
అంకెలు తోట దాటి వచ్చేవి.
శనివారం కూలి ఆ అంకెల వెంబడే వెళ్ళేది.

దాని మంచి కూడా చెప్పాలి.
మాట్లాడే ముందు వినేది.
గాలిలో ఇంకొకరి మాట నడుస్తుంటే ఆగేది,
మా సంతలో ఎవరికీ లేని మర్యాద.
దూరమైందని తెంపుకు పోయేది కాదు,
మెట్లు దిగేది.
పదకొండు, ఐదున్నర, రెండు,
ఆఖరి మెట్టు ఒకటి.
ఆ ఒకటి మీద చతికిలబడి కూడా
దమయంతి కేజీలు మోసుకొచ్చేది.
ఆమె దిగితే మేడ మీద అందరమూ దిగాల్సిందే.
సగంలో బొమ్మ ఆగిపోయిన కుర్రాళ్ళు
తిట్టింది దాన్ని కాదు, నన్ను.

కింద బేకరీలో పఫ్ వేడిచేస్తే లైను పోయేది.
తాళం సంగతి అడక్కండి.
ఇంటర్ తప్పిన కుర్రాడొకడు ఒక్క పూటలో తీసేసి
"మాస్టారూ, తాళంచెవి గుమ్మానికే వేలాడదీశారేటి?"
అని నవ్వాడు.

అసలు శత్రువు తడిసిన జీడాకు.
ఆషాఢంలో ఆకుకో గుక్క తాగేసేది.
ఆ రోజుల్లో కేజీలు నా సైకిలు మీదొచ్చాయి.
కొమ్మలు కొట్టించమని ఒకసారి గట్టిగానే అడిగాను.
"చెట్టు కొట్టేసి ఏటి తింటావు బాబూ, లైనా?"
అంది దమయంతి.

ఊరంతా కొత్తవి పెట్టుకున్నారు.
"పంజేస్తంది కదేటి" అని జగ్గారావు గారు మార్చలేదు.

తిత్లీ వెళ్ళిన నాలుగోనాడు
పక్కవీధి కాలవలో డబ్బా దొరికింది.
చొట్ట తీసి, జనరేటరు వేయించి, అటు తిప్పాను.

పదకొండు.
ఇన్నేళ్ళలో మొదటిసారి, రెప్పవేయకుండా పదకొండు.
మధ్యలో చెట్టన్నది లేదు.
రేకులెగిరిపోయిన మిల్లు గోడ
మేడ మీంచి ఉత్త కంటికే కనిపిస్తోంది.

అవతల నుంచి దమయంతి కొట్టింది,
పేర్లన్నీ వరసగా, ఒక్కటీ వదలకుండా,
పేరు పేరుకీ ఎదురుగా సున్నా.

ఎంత వేగంగా వచ్చాయో.