గుండు, బద్ద, ముక్క, నూక

జీడిపప్పు ఫ్యాక్టరీ పాత రిజిస్టరు ఒకటి
సగం రాసి వదిలేసినది, షావుకారుని అడిగి తెచ్చుకున్నాను.
గడులు ముందే గీసి ఉన్నాయి:
తేదీ, పేరు, గుండు, బద్ద, ముక్క, నూక, బాకీ.
పదకొండేళ్ళు ఆ గడులు నింపిన చెయ్యి నాది.
కొత్తవి గీయడం చేతకాక
అందులోనే రాస్తున్నాను
మా ఢిల్లేశ్వరి చదువు.

జూలై తొమ్మిది. ఏడో ఎక్కం. బద్ద.
జూలై పది. ఏడో ఎక్కమే. నూక.
జూలై పదకొండు. కాశీబుగ్గ సంతలో
వంకాయలకి చిల్లర తనే లెక్కపెట్టుకుంది,
రెండు రూపాయలు తక్కువిస్తే నిలబడి అడిగింది కూడా.
గుండు.
(గుండంటే సున్నా కాదు,
విరగకుండా వచ్చిన పప్పు.)

బడి చెడ్డదని నేననలేదు.
నలభై ముగ్గురు పిల్లలు, ఒక్క మేష్టారు.
మా పిల్ల జవాబు చెప్పడానికి
అన్నం ఉడికేటంత సేపు పడుతుంది.
చెబుతుంది. తప్పకుండా చెబుతుంది.
అప్పటికి గంట కొట్టేసి ఉంటారు.

సోంపేట కోర్టు బయట
టైపు మిషను ముందు కూర్చున్న గుమస్తాకి
నూట యాభై ఇచ్చి అడిగాను.
ఆరు నుంచి పద్నాలుగు, అన్నాడు. ఉచితం, నిర్బంధం.
నిర్బంధం ఎవరికి బాబూ, నాకా, సర్కారుకా?
కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
"ఇంట్లో చెప్పుకోమని ఎక్కడా లేదు.
చెప్పొద్దన్న మాటా నాకు కనబడ్డం లేదు.
కాయితాలు మాత్రం దాచుకో తల్లీ,
కాయితం లేనోడి మీదే చట్టం బరువెక్కువ."
చట్టం ఢిల్లీలో చేశారట.
మా ఇంట్లోనూ ఉంది ఒక ఢిల్లీ,
దాన్నెవరూ అడగలేదు.

పద్నాలుగు నిండితే ఓపెన్ స్కూల్లో పది రాయొచ్చట.
పుట్టిన తేదీ కావాలి.
ఆధార్‌లో ఒకటి, ఆస్పత్రి చీటీలో ఇంకొకటి.
నాలుగుసార్లు తిరిగాను మున్సిపాలిటీకి,
తిరిగిన ప్రతి చీటీ మైదాపిండితో అంటించాను.
అంచుల మీద ఆ గోధుమరంగు వేలిముద్రలు
ఎవరివని అడక్కండి.
జీడి. కడిగితే పోదు.

మొన్న తవిటినాయుడు గారొచ్చారు ట్యాబు పట్టుకుని,
బడి బయట పిల్లల లెక్కకి.
"ఏటమ్మా, గుంట బడికి ఎల్డం లేదంట?"
రిజిస్టరు ఇచ్చాను. మంచినీళ్ళిచ్చాను.
గుమ్మంలోనే కూర్చుని పేజీలు తిప్పారు,
మొదట గబగబా, తరవాత నెమ్మదిగా.
ఒకచోట ఆగిపోయారు.

వంగి చూశాను. నా రాత కాదు.
ఎప్పుడు రాసిందో,
నేల మీద పోసిన గింజల్లా దొర్లుతున్న అక్షరాలు:
ఆగస్టు రెండు. అమ్మ ఏడ్చింది.
పొయ్యి కాడ. నాలుగున్నరకి.
గుండులో ఏమీ లేదు. బద్దలో లేదు. నూకలో లేదు.
బాకీ గడిలో మాత్రం
"నేను."

చింపేద్దామని చెయ్యి వెళ్ళింది.
ఒకప్పుడు షావుకారు చెప్పాడని
ఎర్రమ్మ ఒలిచిన పప్పు ఐదు కిలోలు తగ్గించి రాశాను.
ఆ పేజీ ఇప్పటికీ నిద్రలో తెరుచుకుంటుంది.
చెయ్యి వెనక్కి వచ్చేసింది.

తవిటినాయుడు గారు ట్యాబు నా వైపు తిప్పారు.
బడిలో ఉంది. మానేసింది. వలస. చనిపోయింది.
"ఏది నొక్కమంటావమ్మా?"
నేనేమీ అనలేదు.
ఢిల్లేశ్వరి వచ్చి నా పక్కన నిలబడింది.
నాలుగూ కూడబలుక్కుని చదివింది,
మళ్ళీ మొదటి నుంచి చదివింది.
ఆయన వేలు గాలిలోనే ఉంది,
అన్నం ఉడికేటంత సేపు.

"ఇందులో నాను లేను," అంది.

సెప్టెంబరు పంతొమ్మిది. తెలుగు, కొత్త మాటలు చదవడం.
వచ్చినవారు తవిటినాయుడు గారు,
ఫోన్ నంబరు అట్ట వెనక.
ఏదీ నొక్కలేదు. పైవాళ్ళని అడిగి వస్తానన్నారు.
అన్నట్టు సంతకం పెట్టించాను.
గుండు.
బాకీ గడిలో
కలం పెట్టి కాసేపు ఉంచాను,
చుక్క పడింది.