రెండు 'ముందు'లు

దేవరకొండ బస్టాండుకు ఎదురుంగ
జిరాక్సు దుకాణం మీది అర్ర.
ప్లైవుడ్ చెక్క మీద థర్మాకోల్ ఖిల్లా,
ఎమ్‌సీల్ పిసికి చేసిన రెండు వందల సిపాయిలు,
ఒక్కొక్కడు బొటనవేలంత.
ఈటెలు చీపురుపుల్లలు.
గుర్రాల తోకలు మాత్రం నిజం వెంట్రుకలు,
సైదులోళ్ల మేక ఇచ్చినవి.

ఆదివారం పొద్దుగూకెటాళ్లకు ఫోన్ జేసిండు సైదులు:
"కాకా, జల్ది రా. కొట్టుకునేటట్టున్నం."

నేను దస్తావేజులు రాసేటోణ్ణి.
ముప్పై యేండ్ల సంది మందివి హద్దులు రాస్తున్న,
తూర్పుకు ఫలానా, పడమరకు ఫలానా.
ఈ ఆట నాకు రాదు.
మాట యేడ జారుతదో మాత్రం ఎరుకే.

లొల్లి ఇది:
సైదులు ఈటెగాళ్లకు ఒక గుణమున్నది, పేరు 'కంచె'.
వరుస చెదరకుంటే
మీదికొచ్చినోణ్ణి ముందుగాల పొడుస్తరు.
అంజద్ గుర్రాలకు ఇంకోటి, పేరు 'ఉరుకుడు'.
ఉరికొచ్చిన వంతుల
ముందుగాల నరుకుతరు.
ఒకటే పేజీ, ఒకటే సిరా.
ఇద్దరూ ముందే అయితే
ఎనుక ఎవరు?

నియమాలు రాసింది నుస్రత్, అంజద్ అక్క.
మూలకు కూసోని బత్తాయి ఒలుస్తున్నది.
"నువ్వన్న చెప్పు బిడ్డా" అంటే
"రాసినంక నాది కాదు కాకా, చదివేటోళ్లది" అన్నది
తొనల మీది పీచు తీసుకుంట.

కండ్లద్దాలు పెట్టుకున్న.
"పెండ్లి బంతిల ఇద్దరు పెద్దమనుషులకు
ముందు నీకే వడ్డిస్తనని మాటిచ్చినోడు ఏం జేస్తడు?
ఇద్దరు పోరగాళ్లను పిలిచి
రెండు ఇస్తార్లల్ల ఒక్కసారే వడ్డిస్తడు.
ఇద్దరికీ ఉన్న 'ముందు' ఎవరికీ లేనట్టే.
కొట్టేసుకోండ్రి. ఒక్కపారే ఎయ్యుండ్రి పాచికలు."

వేసిండ్రు.
తొమ్మిది గుర్రాలు పక్కకు ఒరిగినయి,
పదకొండు మంది ఈటెగాళ్లు ఎల్లెలుకల పడ్డరు.

అసలు పంచాయితీ అప్పుడు లేసింది.
సైదులు ముసలి సిపాయిలకు 'కడపటి ఊపిరి' అని ఉన్నదట:
పడిపోయినోడు, తీసేసే ముందు, ఒక దెబ్బ కొడతడు.
"ఇప్పుడు కొడతరు" అంటడు సైదులు.
"ఇప్పుడే కొట్టిరి గద" అంటడు అంజద్.

వేలు పెట్టి చదివిన. మళ్ల చదివిన.
'ఒక దెబ్బ' అని ఉన్నది.
'ఇంకొక దెబ్బ' అని లేదు.

మా నాయిన కాయితంల
'బావితో సహా' అని రాయాల్సిన కాడ
'సహా' జారింది.
పదకొండేండ్లు నల్లగొండ కోర్టు మెట్లు.
గెలిచి ఇంటికొచ్చిన నాడు
బావిల తాడుకు తడి అంటలేదు.

"రాసేటప్పుడు మనసుల ఏమున్నది బిడ్డా?"
నుస్రత్ తొన చేతిలనే పట్టుకున్నది.
"మా దాదా పోయేటప్పుడు చెయ్యి లేపిండు.
ఏం జెప్పబోయిండో తెల్వదు.
చెయ్యి మంచంల పడ్డది.
అందుకు రాసిన."

సైదులు పాచిక కింద పెట్టిండు.

నా పనిల మనసు చెల్లదు, కాయితమే చెల్లుతది.
ఒక్క అక్షరం కొట్టివేతకు నాలుగు సంతకాలు.
ఇది పెన్సిలు రాత.
రబ్బరు అడిగిన, ఇచ్చిండ్రు.
గంతే! చేతులు వణికినయి నాకు.

రాసిన:
'కొట్టకముందే పడ్డోడు
కొట్టి పడుతడు.
కొట్టినంక పడ్డోడు
ఊకె పడుతడు.
దూరంకెళ్లి బాణం తాకినోనికి
కడపటి ఊపిరి ఉంటది,
కాని ఎదురుంగ మనిషి ఉంటేనే.'
అలవాటు కొద్ది కింద
సాక్షులు, ఒకటి, రెండు అని గీతలు గీసిన.
నవ్వుకుంట సంతకాలు పెట్టిండ్రు ఇద్దరు.

సైదులు పదకొండు మందిని
ఒక్కొక్కణ్ణి ఎత్తి చెప్పుల డబ్బల పండబెట్టిండు,
తలలన్నీ ఒక దిక్కుకు.

లేవబోతుంటే అంజద్ మోచెయ్యి పట్టిండు.
ఖిల్లా ఎనుక టీ కప్పు కోసి చేసిన బావి.
"కాకా, ఈ గుర్రం ముందరి కాళ్లు బావిల,
ఎనుకటి కాళ్లు ఒడ్డున.
ఉరుకుడు ఇంకా ఉన్నట్టా, పోయినట్టా?"

కండ్లద్దాలు మళ్ల తీసిన.
బావి ఎవరిదని అడుగబోయి
ఆగిన.