ఏకుల బుట్ట

అట్టపెట్టె నేనే తెచ్చాను, శిమ్మయ్య కొట్టు నుంచి.
బిస్కెట్ల పెట్టె. అడుగున పాత లుంగీ పరిచి
మగ్గం గుంట పక్కన, చీకటి మూల చూసి పెట్టాను.
మసి దాన్ని ఓసారి వాసన చూసి,
నా మొహం ఓసారి చూసి,
వెళ్ళి మా అత్త ఏకుల బుట్టలో పడుకుంది.

నెల్లాళ్ళ పని ఆ బుట్ట.
వాలుగ చేప దవడతో దువ్వి దువ్వి,
గింజ తీసి, ఏకి, చుట్టి,
అరటి దొప్పల్లో దాచుకున్న తెలుపు.
పొందూరంతా వినపడేలా అరుస్తుందనుకున్నాను తవిటమ్మ.
కళ్ళజోడు సర్దుకుని వంగి చూసి
"నొప్పులొచ్చినాయి బావూ, ఒగ్గీ" అంది.
ఇప్పుడేం చెయ్యాలి అంటే
"ఐదుగుర్ని కన్నాను గానీ
కనడం నానెప్పుడు సూసినాను?"

అరవై మూడో రోజట. లెక్క మా ఆవిడది.
క్యాలెండరులో గ్యాస్ బండ తేదీ పక్కన
పిల్లి తోక గీసిపెట్టి
రాజాం వెళ్ళింది, అక్క కూతురి ఓణీలకి.
నిన్నట్నుంచి మసి మెతుకు ముట్టలేదు.
పొట్ట మీద చెయ్యేస్తే
మింగిన ఎలకలన్నీ మళ్ళీ లేచినట్టు కదలిక.

పదకొండున్నరకి మొదటిది.
తడి సంచిలో మడతపెట్టిన ఊపిరి.
పళ్ళతో చింపింది, నాకింది, బొడ్డు కొరికింది,
మాయ తినేసింది.
నేను గోడ కేసి చూశాను.
రెండోది పావుగంటకి. మూడోది ఇంకాసేపటికి.
ఆ తర్వాత నిశ్శబ్దం.

ఒంటిగంట దాటాక మళ్ళీ పొట్ట బిగిసింది.
సడలింది. బిగిసింది. ఏమీ రావడం లేదు.
నోరు తెరిచి కుక్కలా రొప్పుతోంది.
గోపాలమిత్ర దాలినాయుడికి ఫోను చేశాను.
"ఆవులూ గేదెలే గానీ పిల్లులు నాకేటి తెలుస్తాయి మావా?
లాగకు. తోక కనపడినా లాగకు.
అరగంట ముక్కినా బయటికి రాకపోతే
సిక్కోలెల్లి డాక్టరుగారి తలుపు కొట్టీ."

ఎదురింటి ఎర్రయ్యని లేపాను.
ఆటో తిప్పి గుమ్మం ముందు పెట్టాడు,
ఇంజను ఆపలేదు.
గోడ గడియారం, నేను, మసి.

నా ఇద్దరు పిల్లలూ పుట్టినప్పుడు
ఆస్పత్రి గేటు ముందు టీ కొట్టులో ఉన్నాను, రెండుసార్లూ.
బల్ల మీద పేపరు చదివాను.
ఎవరో వచ్చి ఆడ అన్నారు, ఎవరో వచ్చి మగ అన్నారు.
ఏడుపు తర్వాతి సంగతే నాకు తెలిసింది.

ఇరవై ఎనిమిదో నిమిషానికి
తోక ముందు వచ్చింది.
లాగలేదు. నా పళ్ళు నేనే కొరుక్కున్నాను.
జారి పడ్డాక మసి దాని వైపు తిరగలేదు,
అంత అలిసిపోయింది.
మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఇంకేముంది.
సంచి నేనే చింపాను.
తెగిన నూరో నంబరు పోగుని
చీకట్లో అతికించే వేళ్ళు ఇవి,
వణికాయి.
చేప దవడ కంటే చిన్న తల. కదలదు.
అత్త ఒక ఏకు తీసి ఇచ్చింది,
తనది, మంచిది, మచ్చలేనిది.
దాంతో రుద్దాను, ముక్కు తుడిచాను, మళ్ళీ రుద్దాను,
ఆటో చప్పుడు తప్ప ఇంకేదైనా వినపడుతుందా అని
చెవి ఆనించాను.

తుమ్మింది.

గుమ్మంలో ఎర్రయ్య ఒక బూతు తిట్టి నవ్వాడు,
వెళ్ళి ఇంజను కట్టేశాడు.
తెల్లారేదాకా ఉంటుందో ఉండదో
దాలినాయుడు చెప్పలేడు, నేనూ చెప్పలేను.
ప్రస్తుతానికి పాలు వెతుక్కుంటోంది.
బుట్ట ఎర్రగా, పచ్చగా, పనికిరాకుండా ఉంది.
"ఏడిళ్ళు తిప్పినాక అప్పుడు కడుగుదుంలే"
అని అత్త పడుకుంది.

ఆరింటికి రాజాం ఫోను చేశాను.
నాలుగు, అన్నాను. సంతోషించింది.
"నీకు అప్పుడు…" అని ఆగాను.
అటువైపు గిన్నెల చప్పుడు.
"ఏటి?"
"ఎంతసేపు పట్టింది, నొప్పులు?"
చాలాసేపు గిన్నెలే మాట్లాడాయి.
"పెద్దదానికి పద్దెనిమిది గంటలు" అంది.
ఇంకాసేపాగి,
"దానికి చేప ఉడకేసి పెట్టు. ముళ్ళు తీసి."

తీస్తున్నాను.